విదేశాలలోని మనవారు – ఇక్కడి దుస్తుల బజారు

సాయంకాలం ఏడు గంటల వేళ దిల్‌సుఖ్‌నగర్ మెట్రో స్టేషను మెట్లు దిగి, చైతన్యపురి మీదుగా కొత్తపేట వైపు నడిచేవారికి ఒక దృశ్యం తరచుగా కనిపిస్తుంది. చీరల దుకాణంలో తెల్లని పరుపు మీద పది పన్నెండు చీరలు విప్పి పరచి ఉంటాయి. వాటి ముందు అరవై ఏండ్లు దాటిన ఒక తల్లి కూర్చొని, చేతిలోని ఫోనును ఒక్కొక్క చీరకు చూపుతూ ఉంటుంది. ఫోనులో అవతల ఉన్నది ఆమె కుమార్తె. వేసవి అయితే అమెరికాలోని డాలస్ నగరంలో అప్పుడు ఉదయం ఎనిమిదిన్నర. ఆ అమ్మాయి ఒక చేత్తో పిల్లకు పాఠశాల ఫలహారం సర్దుతూ, "అమ్మా, ఆ ఆకుపచ్చది ఇంకొకసారి చూపించు, పైటచెంగు విప్పించు" అంటుంది. దుకాణంలోని కుర్రవాడు విసుగు లేకుండా మళ్లీ విప్పుతాడు. ఇటువంటి బేరం అతనికి నిత్యకృత్యం.

ఈ బేరంలో కొనేవారు ఒకచోట, కట్టుకొనేవారు వేరొకచోట. మధ్య సముద్రాలు ఉన్నవి. గుడ్డను తాకి చూసే చేయి ఇక్కడిది. దానిని ధరించే దేహం అక్కడిది. ఈ రెండింటికీ పొంతన కుదర్చడం అనుకొన్నంత సులభం కాదు. దూరదేశాలలోని పిల్లలకు ఇక్కడి నుంచి దుస్తులు కొని పంపే తల్లిదండ్రులకు ఉపయోగపడగల కొన్ని సంగతులను ఈ ప్రసంగంలో మనవి చేయదలచినాము.

మొదట ఈ బజారు సంగతి. దిల్‌సుఖ్‌నగర్ నుంచి లాల్ బహదూర్ నగర్, అనగా మనం ఎల్.బి. నగర్ అని పిలుచుకొనే కూడలి వరకు ఉన్నది విజయవాడ రహదారి. నల్లగొండ, సూర్యాపేట, కోస్తా జిల్లాల నుంచి వచ్చే బస్సులు నగరంలో అడుగుపెట్టేది ఈ దారినే. ఆ కూడలి వద్దనే ఒకవైపు నాగార్జునసాగర్ రోడ్డు, ఇంకొకవైపు ఉప్పల్ రోడ్డు చీలుతాయి. పల్లె నుంచి వచ్చిన కుటుంబాలు ఇల్లు కట్టుకొన్నదీ, పిల్లలను హాస్టళ్లలో ఉంచి చదివించినదీ ఈ ప్రాంతంలోనే ఎక్కువ. 2018 సెప్టెంబరు 24వ తేదీన అమీర్‌పేట నుంచి ఎల్.బి. నగర్ వరకు మెట్రో రైలు నడవడం మొదలయిన తరువాత, నగరపు పడమటి కొసన కాపురం ఉన్నవారికి కూడా ఈ బజారు దగ్గర అయినది. ఇక్కడ చదివి, ఇక్కడి నుంచే విమానం ఎక్కిన యువతీ యువకుల తల్లిదండ్రులు నేడు ఈ వీథిలో ఫోను పట్టుకొని కనిపిస్తున్నారు.

తెలుగువారు పరదేశం వెళ్లడం కొత్త కాదు. పందొమ్మిదవ శతాబ్దంలో మారిషస్, బర్మా, మలయా దేశాలకు కూలి పనులకై వెళ్లినవారు ఎందరో ఉన్నారు. వారు కట్టుబట్టలతో ఓడ ఎక్కినారు. తిరిగి స్వదేశపు చీరను చూడని స్త్రీలు వారిలో అనేకులు. 1965లో అమెరికా తన వలస చట్టాన్ని మార్చిన తరువాత వైద్యులు, ఇంజనీర్లు వెళ్లసాగినారు. 1977లో ఉత్తర అమెరికా తెలుగు సంఘం, అనగా తానా, ఏర్పడినది. ఇరవయ్యవ శతాబ్దపు చివరి దశకంలో కంప్యూటరు ఉద్యోగాలు ఈ వలసను ఎన్నో రెట్లు పెంచినవి. 2010 నుంచి 2017 వరకు అమెరికాలో ఇంట తెలుగు మాట్లాడేవారి సంఖ్య 86 శాతం పెరిగినదని అక్కడి జనాభా లెక్కలను పరిశీలించినవారు తేల్చినారు. ఆ కాలంలో అక్కడి పెద్ద భాషలలో అంత వేగంగా పెరిగినది మరొకటి లేదు.

అక్కడ మన దుస్తులు దొరకవా అని అడగవచ్చును. దొరుకుతాయి. న్యూజెర్సీలోని ఎడిసన్ ప్రాంతపు ఓక్ ట్రీ రోడ్డు, షికాగోలోని డివాన్ వీథి, ఇంగ్లండులో లెస్టర్ నగరపు బెల్‌గ్రేవ్ రోడ్డు, సింగపూరులో సెరంగూన్ రోడ్డు భారతీయ వస్త్రాలకు పేరుపొందినవి. అయితే అక్కడ ధర ఎక్కువ, ఎంపిక తక్కువ. అంతకంటె ముఖ్యమైన లోటు కుట్టుపని. చీరకు ఫాల్ వేసి, పీకో చేసి, జాకెట్టు కుట్టి, దానిపై మగ్గం పని చేయించడానికి ఇక్కడ రెండు మూడు సందులు తిరిగితే చాలును. అక్కడ చేతి పనికి కూలి ఎక్కువ కావున, కొన్నిచోట్ల జాకెట్టు కుట్టుకూలి చీర ఖరీదుతో పోటీ పడుతుంది. అందువల్లనే బతుకమ్మకు, సంక్రాంతికి, ఓణీల వేడుకకు, పెండ్లికి ఇక్కడి నుంచే దుస్తులు వెళ్లుతున్నవి.

ఇక అసలు చిక్కు ఆదిది. దర్జీకి జాకెట్టు ఇచ్చేటప్పుడు సరిగా పట్టే పాత జాకెట్టు ఒకటి కొలతకు ఇవ్వడం మన ఆచారం. దానినే ఆది జాకెట్టు అంటాము. మా ఇంటిలో జరిగినదే చెప్పుతాము. మా అక్కగారి మనుమరాలు అమెరికాలో పుట్టి పెరిగిన పిల్ల. రెండు సంవత్సరాల క్రిందట ఆ పిల్లకు ఓణీల వేడుక తలపెట్టినారు. అక్కగారు నెల రోజులు దిల్‌సుఖ్‌నగర్ దుకాణాలన్నీ తిరిగి, పసుపు రంగు పట్టు లంగా, ఎర్రని ఓణీ, మగ్గం పని చేసిన జాకెట్టు సిద్ధం చేయించినారు. ఆదికి ఆమె ఇచ్చినది, అంతకు ముందు సెలవులకు వచ్చినప్పుడు ఆ పిల్ల వదలి వెళ్లిన జాకెట్టు. దర్జీ ఆదికి వెంట్రుకవాసి తేడా లేకుండా కుట్టినాడు. పార్సెలు వేడుకకు నాలుగు రోజుల ముందు చేరినది. జాకెట్టు భుజాల వద్దనే ఆగిపోయినది. అక్కడ కుట్టుపని తెలిసిన ఒక తెలుగు గృహిణి కుట్లు విప్పి చూస్తే, లోపల వదలిన గుడ్డ వ్రేలెడు కూడా లేదు. చివరకు ఆ పిల్ల వేరొక జాకెట్టు తొడిగి వేడుకకు కూర్చున్నది.

తప్పు దర్జీది కాదు. గుడ్డదీ కాదు. పదకొండు, పదమూడు ఏండ్ల మధ్య ఆడపిల్ల ఎంత ఎదుగుతుందో లోకమెరుగును. మా అక్కగారు ఇద్దరు బిడ్డలను పెంచిన మనిషి, ఆమెకు తెలియదా? తెలుసును. కాని ఆమె ప్రతి ఆదివారమూ ఆ పిల్లను చూస్తున్నది ఫోనులో. ఫోనులో కనిపించేది ముఖం మాత్రమే. "ముఖం చూస్తున్నాను గదా అనుకొన్నాను. పిల్ల నా భుజం దాటి ఎదిగిన సంగతి జాకెట్టు చెప్పేవరకు నాకు తెలియలేదు" అని ఆమె మాతో అన్నారు. పోయిన డబ్బును గురించి ఆమె ఒక్క మాట కూడా అనలేదు.

ఈ అనుభవం తరువాత మేము అడిగి తెలుసుకొన్న పద్ధతి ఇది. ఎదిగే పిల్లల విషయంలో ఆది జాకెట్టును నమ్మరాదు. ఆరు నెలలు దాటిన కొలత పాతదే అనుకోవలెను. పెద్దవారికైనా ప్రసవం తరువాత, జబ్బుపడి లేచిన తరువాత క్రొత్త కొలత అవసరం. కొలత తీసే టేపు ఒక వైపు అంగుళాలు, రెండవ వైపు సెంటీమీటర్లు చూపుతుంది. అక్కడివారు సెంటీమీటర్లలో చెప్పినది ఇక్కడ అంగుళాలుగా వ్రాసుకొంటే అనర్థమే; కావున ప్రతి అంకె పక్కన ఏ కొలతో వ్రాయించవలెను. ఛాతీ, నడుము, భుజం, చంక చుట్టు, చేతి పొడవు, చేతి చుట్టు, మెడ లోతు ముందు వెనుక, జాకెట్టు పొడవు – ఈ కొలతలను తనకు తాను తీసుకోకుండా వేరొకరిచేత తీయించుకోవలెను. తానే టేపు చుట్టుకొని క్రిందికి వంగి చూస్తే కొలత మారుతుంది. కొలిచినది దేహాన్నా, జాకెట్టునా అన్నది కూడా దర్జీకి చెప్పవలెను. దేహపు కొలత అయితే అతడు వదులు కలుపుతాడు. జాకెట్టు కొలతలో ఆ వదులు ముందే చేరి ఉన్నది.

దర్జీకి చెప్పవలసిన మాటలు మరి రెండు ఉన్నవి. పక్క కుట్లలో ప్రతి వైపు ఒకటిన్నర, రెండు అంగుళాల గుడ్డ లోపల వదలమనవలెను. రేపు కుట్టు విప్పితే జాకెట్టు పెరుగుతుంది. మగ్గం పని ఆ కుట్టు వరకు ప్రాకకుండా చూడమనవలెను. పూసల మీద కుట్టు పడితే విప్పడం కష్టం. నూలు లైనింగు గుడ్డను ముందుగా నీటిలో తడిపి ఆరవేసిన తరువాతనే కత్తిరించవలెను. లేకున్న మొదటి ఉతుకుకే లోపలి గుడ్డ కుదించుకొని, పై పట్టు ముడతలు పడుతుంది. ఇది ఇక్కడి దర్జీలు ఎరిగినదే అయినా, పండుగ రద్దీలో మరచిపోవడం కద్దు.

నాట్యం నేర్చే పిల్లల దుస్తులకు ఇంకొక జాగ్రత్త అవసరం. విదేశాలలో కూచిపూడి నేర్చే తెలుగు పిల్లలు నేడు ఎందరో ఉన్నారు. నాట్యపు దుస్తు ఒకే చీర నుంచి కత్తిరించి కుట్టినది. పైజమా, ముందు విసనకర్రవలె విచ్చుకొనే కుచ్చిళ్లు, నడుము చుట్టు, పైట, జాకెట్టు వేరువేరు భాగాలుగా ఉంటాయి. నిలబడి తీసిన కొలత దీనికి చాలదు. మోకాళ్లు పక్కలకు వంచి అర్ధమండలిలో కూర్చున్న భంగిమలో నడుము నుంచి చీలమండ వరకు, రెండు మోకాళ్ల మధ్య వెడల్పు కూడా కొలవవలెను. లేకున్న రంగస్థలంమీద కుచ్చిళ్లు పూర్తిగా విచ్చుకోవు. పైజమా అడుగున మడత ఎక్కువ ఉంచి, నడుముకు నాడా పెట్టిస్తే, ఒక దుస్తు రెండు మూడేండ్లు సాగుతుంది.

ఇప్పుడు గుడ్డ సంగతి. ఫోనులో రంగు నమ్మదగినది కాదు. దుకాణపు దీపం పచ్చదనాన్ని ఒక రీతిగా, ఫోను మరొక రీతిగా మారుస్తుంది. దుకాణంవారి అనుమతితో చీరను పగటి వెలుతురులోకి తెచ్చి, పక్కన ఒక తెల్లకాగితం ఉంచి చూపితే అవతలివారికి అసలు రంగు కొంతవరకు తెలుస్తుంది. కావుననే రంగు ముఖ్యమైన బేరానికి సాయంకాలం కంటె పగలు మేలు.

పట్టు అవునో కాదో తెలుసుకొనడానికి అంచు దగ్గరి పోగు ఒకటి తీసి కాల్చి చూడవచ్చును. అసలు పట్టు కాలితే వెంట్రుక కాలిన వాసన వస్తుంది. మిగిలిన బూడిద వ్రేళ్లతో నలిపితే పొడి అవుతుంది. కృత్రిమ దారమైతే కరిగి గట్టి గుండు కడుతుంది. దుకాణంలో ఈ పరీక్ష ఇబ్బంది అనిపిస్తే, కేంద్ర పట్టు మండలి ప్రోత్సాహంతో 2004లో వచ్చిన సిల్క్ మార్క్ చీటీ ఉన్నదేమో చూడవలెను. జరీలోనూ భేదాలు ఉన్నవి. అసలు జరీ అంటే పట్టుదారం చుట్టూ వెండి తీగ చుట్టి బంగారు పూత పూసినది. టెస్టెడ్ జరీలో వెండికి బదులు రాగి ఉంటుంది, కొన్నేండ్లకు నల్లబడుతుంది. మూడవది ప్లాస్టిక్ పొర మీద మెరుగు పెట్టినది, తేలిక, చవుక. మూడూ అమ్ముడుపోతున్నవి, అమ్మడం నేరం కాదు. మనం దేనికి ఏ ధర ఇస్తున్నామో తెలిసి ఇవ్వవలెను.

ఇక్కత్ కొనేవారికి ఒక సులువైన గుర్తు చెప్పుతాము. 2005లో భౌగోళిక గుర్తింపు పొందిన పోచంపల్లి ఇక్కత్‌లో, నేతకు ముందే నూలును కట్టి రంగులద్దుతారు. కావున బొమ్మ గుడ్డకు రెండు వైపులా ఒకే తీరుగా ఉంటుంది. దాని అంచులు కొద్దిగా చెదరినట్లు కనిపిస్తాయి. అద్దకంతో అనుకరించిన గుడ్డకు వెనుకవైపు వెలవెలపోయి ఉంటుంది. చీరను తిరగవేసి చూడండి, చాలును. పోచంపల్లి ఇక్కడికి దూరం కాదు. అవకాశం ఉన్నవారు ఆ ఊరికే వెళ్లి నేతవారి వద్ద కొనవచ్చును.

పంపడం మరొక ఘట్టం. అమెరికా వెళ్లే ప్రయాణికునికి సాధారణంగా 23 కిలోల పెట్టెలు రెండు అనుమతిస్తారు. పట్టుచీర ఒకటి అర కిలో మొదలు కిలో వరకు తూగుతుంది. మగ్గం పని ఉన్న జాకెట్టు, లంగా ఇంకా బరువు. ఆవకాయ జాడీ, అప్పడాలు, చీరలు ఒకే పెట్టెలో పోట్లాడుకొంటాయి; నూనె కారితే ఓడిపోయేది చీరే. కావున ఊరగాయను వేరే పెట్టెలో పెట్టడం మేలు. పార్సెలుగా పంపేవారు సుంకం సంగతి కూడా తెలుసుకోవలెను. 800 డాలర్ల లోపు విలువ గల పార్సెళ్లకు అమెరికాలో ఉన్న సుంకపు మినహాయింపు 2025 ఆగస్టు 29వ తేదీ నుంచి రద్దయినది. ఆ సందర్భంలో మన తపాలా శాఖ కూడా అమెరికా పార్సెళ్లను కొంతకాలం ఆపి, అక్టోబరులో తిరిగి మొదలుపెట్టినది. కావున పంపే ముందు, ఆనాటి నిబంధన ఏదో, సుంకం ఎవరు చెల్లించవలెనో అడిగి తెలుసుకొనడం అవసరం. అక్కడ ఆశ్చర్యపరచాలని పంపిన బహుమానానికి బిడ్డ సుంకం కట్టి విడిపించుకోవలసిన స్థితి రాకూడదు.

ఇంతవరకు ఇక్కడి నుంచి అక్కడికి వెళ్లే పండుగ దుస్తుల మాట. చదువుకై మొదటిసారి బయలుదేరే విద్యార్థులకు రెండు మాటలు. 2023–24 విద్యా సంవత్సరంలో అమెరికాలో చదివిన భారతీయ విద్యార్థులు 3,31,602 మంది. వారిలో దిల్‌సుఖ్‌నగర్ హాస్టళ్లలో ఉండి పరీక్షలకు సిద్ధమయినవారు తక్కువ కారు. తల్లిదండ్రులు భయపడి ఇక్కడనే బండెడు బరువు కోటు కొనిపెడతారు. అక్కడ చాలా విద్యాలయాలు ఆగస్టు చివర ప్రారంభమవుతాయి, అప్పుడు వేసవి. ఆ కోటు పెట్టెలో సగం చోటు ఆక్రమించి, చలి వచ్చేసరికి అక్కడి మంచుకు ఆగక మూలపడుతుంది. చలిని ఆపేది గుడ్డ మందం ఒక్కటే కాదు. పొరల మధ్య చిక్కుకొన్న గాలి. కావున ఒంటికి అంటే పలుచని లోదుస్తు, దానిపై ఉన్ని, పైన గాలిని, తడిని ఆపే కోటు – ఈ మూడు పొరలు ఒక లావు కోటు కంటె మేలు. నూలు బనియను చెమటను పీల్చి తడిగానే ఉంటుంది. గడ్డకట్టే చలిలో అది ఒంటికి అంటుకొనడం మంచిది కాదు. లోపలి రెండు పొరలు ఇక్కడ కొని, పై కోటు అక్కడి వాతావరణం చూసి అక్కడనే కొనడం యుక్తం.

పిల్లల వద్ద ఆరు నెలలు ఉండి రావడానికి వెళ్లే తల్లుల సంగతి వేరు. చలికాలంలో అక్కడి ఇండ్లను లోపల వెచ్చచేస్తారు. ఆ గాలి మిక్కిలి పొడిగా ఉంటుంది. పొడి గాలిలో నైలాను, పాలియెస్టరు చీరలు కాళ్లకు అంటుకొని చిటపటలాడుతాయి, తలుపు పిడిని తాకితే చురుక్కుమంటుంది. గుడ్డ రాపిడిలో పుట్టిన విద్యుత్తు తేమ లేక బయటికి పోలేకపోవడమే దీనికి కారణం. నూలు లోపావడా, నూలు చీర వాడితే ఈ బాధ చాలావరకు తగ్గుతుంది. అక్కడ బట్టలను ఎండలో కాక వేడి యంత్రంలో ఆరబెట్టడం వాడుక. ఆ వేడికి నూలు కుదించుకొంటుంది, పట్టు పాడవుతుంది. మన చీరలను గదిలోనే దండెం మీద ఆరవేసుకొనడం మంచిది. పట్టుచీరలను ప్లాస్టిక్ సంచిలో మూయక పలుచని నూలు గుడ్డలో చుట్టి, మూడు నాలుగు నెలలకొకసారి మడత మార్చవలెను. లేకున్న మడత వెంబడి జరీ విరుగుతుంది.

చివరకు మా అక్కగారి మాట. కిందటి దసరాకు ముందు ఆమె మళ్లీ ఆ మనుమరాలికి దుస్తులు కుట్టించినారు. ఈసారి ఆది జాకెట్టు బీరువాలోనే ఉండిపోయినది. ఒక ఆదివారం ఉదయం, అక్కడ శనివారం రాత్రి, కూతురు టేపుతో పిల్లను కొలుస్తూ ఒక్కొక్క అంకె చెప్పగా, అక్కగారు కళ్లద్దాలు పెట్టుకొని నోటుబుక్కులో వ్రాసుకొన్నారు. పిల్లను వెనుకకు తిరుగుమన్నారు, చేతులు ఎత్తుమన్నారు, తలుపు పక్కన నిలబడుమని ఎత్తు చూసినారు. అరగంట పట్టినది. అంతసేపు ఆ పిల్లను నిలువెల్లా చూడడం ఆమెకు రెండేండ్లలో అదే మొదటిసారి. జాకెట్టు సరిపోయినది. లోపల రెండు అంగుళాల గుడ్డ కూడా ఉన్నది.

ఆ నోటుబుక్కులో తేదీ వేసి కొలతలు వ్రాయడం ఆమె ఇప్పుడు అలవాటు చేసుకొన్నారు. ఆరు నెలలకొకసారి, దుస్తులు కుట్టించినా కుట్టించకున్నా కొలతలు తీయిస్తున్నారు. బిడ్డలు దూరదేశంలో ఉన్న తల్లిదండ్రులందరూ అటువంటి పుస్తకం ఒకటి పెట్టుకొంటే బాగుంటుందని మా మనవి. దర్జీకి అది పనికివస్తుంది. పిల్లలు ఎంత ఎదిగినారో మనకూ తెలుస్తుంది.